నోరు విప్పని ఐదో తరగతి

చిపాటా దగ్గర పల్లె బడి,
జూన్ 6

మా కాలేజీ జేరె మాస్టారికి కసుబ నమస్కారాలు.

టీచరు శిక్షణ కోసం మీరు నన్ను ఈ బడికి పంపి మూడు వారాలైంది. నాకు దగ్గరుండి పని నేర్పుతున్న సోకో టీచరమ్మ రెండో వారంలోనే జబ్బుతో పోయారు. ఐదో తరగతి ఇంగ్లీషు మొత్తం నా నెత్తిన పడింది. యాభై ఎనిమిది మంది పిల్లలు. అంత్యక్రియలైన మర్నాటి నుంచి ఒక్కరూ నోరు విప్పడం లేదు. 'వృత్తిలో నా ఎదుగుదల లక్ష్యం' రాసి పంపమన్నారు కదా, ఇదే: వీళ్లను మాట్లాడించడం.

మీ శిష్యురాలు,
కసుబ

తా.క.: ఈ శిక్షణ తప్పితే మా అమ్మ నన్ను మార్కెట్లో టమాటాల గంప ముందు కూర్చోబెడుతుంది. అక్కడైనా జనం మాట్లాడతారు.

లుసాకా,
జూన్ 14

అమ్మాయ్ కసుబా,

లక్ష్యమంటే కొలవడానికి వీలుండాలి. ఎన్ని నోళ్లు? ఏ తేదీకల్లా? బొమ్మలు చూపించు, పాటలు పాడించు. సోకో టీచరమ్మ అంత్యక్రియల్లో ఏం చేశావు? దాచకుండా రాయి.

జేరె

తా.క.: కోతి మాంసం దొరక్క చిక్కిపోయావా? అది లేనిదే మీ బెంబా తెగవాళ్లకి బుర్ర పనిచెయ్యదటగా!

జూన్ 22

మాస్టారికి,

కొలిచాను. సోమవారం తెరుచుకున్న నోళ్లు మూడు. రెండు ఆవలింతలు, ఒక తుమ్ము. పాట నేనొక్కదాన్నే పాడుకున్నాను.

అంత్యక్రియల్లో ఏం చేస్తారండీ? ఏడ్చాను. ఆడవాళ్లు నన్ను శవపేటిక పక్కనే కూర్చోబెట్టి నా మొహంలోకే చూస్తున్నారు. చాలడం లేదేమోనని ఇంకా గట్టిగా ఏడ్చాను. అప్పట్నుంచి బోరింగు దగ్గర పలకరిస్తే మొహాలు తిప్పేసుకుంటున్నారు. "ఈవిడకి మనం ఏమీ కామట" అని ఒకావిడ నాకు వినబడేలాగే అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు మాస్టారూ.

కసుబ

తా.క.: కోతి మాంసం మాట మీద ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు పంపాను. నా జాతినంటే ఊరుకోను.

జూన్ 30

ఓసి పిచ్చి మొద్దూ!

కిట్వే పట్నంలో పెరిగితే ఇంతే. మీ బెంబాలూ మా ఎంగోనీలూ తాతలనాడు కొట్టుకున్నారు. కొట్టుకుని కొట్టుకుని చివరికి పరాచికాల వరసయ్యారు. మా ఇంట చావైతే మీరొచ్చి, చనిపోయినవాళ్లని సైతం ఎగతాళి చెయ్యాలి, ఏడ్చేవాళ్లని నవ్వించాలి. అది ఎంగోనీల ఊరు, అందుకే నిన్ను ముందు కూర్చోబెట్టారు. నువ్వేమో పరాయిదానిలా ఏడ్చావు! పిల్లలు నోరెందుకు విప్పుతారు? ఇప్పుడైనా వెళ్లు. టీచరమ్మ తల్లి ఉంటుంది, ఆవిడతో మొదలుపెట్టు.

జేరె

తా.క.: ప్రిన్సిపాల్ కూడా బెంబాయే. నీ ఫిర్యాదు చూసి, 'ఎలుకలు తినే ఎంగోనీ గారికి' అని నాకు నోటీసు పంపాడు.

జూలై 9

మాస్టారికి,

టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ముసలావిడ చాప మీద గోడకేసి తిరిగి పడుకుంది. మట్టి చేసిన రోజు నుంచీ ఏడవలేదట, మాట్లాడలేదట. "ఏమే ఎలుకల ముసలీ! నీ కూతురెంత గడుసుదే! నోటుపుస్తకాలు దిద్దడానికి బద్ధకమేసి గోతిలో దూరి పడుకుందా?" అన్నాను. ఇల్లంతా బిగుసుకుపోయింది. ఆవిడ లేచి కూర్చుంది. "కోతి మొహమా, ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావే?" అని నవ్వింది. నవ్వుతూనే నా మెడ పట్టుకుని భోరుమంది.

మర్నాడు క్లాసులో ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు కోతి తోక కూడా తింటారా?" అని తప్పు లేకుండా ఇంగ్లీషులో అడిగింది. ఆ తర్వాత నోళ్లు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

కసుబ

తా.క.: ఆవిడకి లుసాకాలో ఓ కొడుకున్నాడట. సొంత చెల్లెల్ని మట్టి చేస్తే రాలేదట! "వాడు కన్నంలో దాక్కున్న ఎలుకా?" అన్నాను. దానికి మాత్రం ముసలావిడ నవ్వలేదు. "వాణ్ణేమీ అనకే, వాడికి ఏడవడం రాదు" అంది.

జూలై 17

కసుబా,

ఆ కొడుకుని నేనే.

సోకో టీచరమ్మ నా చెల్లెలు మలీతా; సోకో అన్నది అత్తింటి పేరు. తనకిక రోజులు లేవని తెలిశాక ఉత్తరం రాసింది. "అన్నయ్యా, ఒక బెంబా పిల్లని పంపు. నేను పోయాక అమ్మని నవ్వించడానికి మనిషుండాలి" అని. అందుకే నిన్నక్కడ వేశాను. నీకు చెప్పలేదు. చెబితే నా చెల్లెలు పోతుందని నేను ఒప్పుకున్నట్టే కదా. చావు కబురొచ్చిన రోజు రెండుసార్లు బస్టాండుకి వెళ్లి, టికెట్టు చేతిలో ఉండగానే తిరిగొచ్చేశాను. పదిమందిలో మాట్లాడటం ముప్పై ఏళ్లుగా నేర్పుతున్నాను తల్లీ. మా అమ్మ ముందు ఏం మాట్లాడాలో నాకే తెలియలేదు.

నువ్వు పాసయ్యావు. నేనే తప్పాను.

శనివారం బస్సులో వస్తున్నాను. నువ్వు బస్టాపులో ఉండు. దిగగానే ఊరందరి ముందూ నన్ను తిట్టు. మాస్టారినని చూడకు.

జేరె

తా.క.: తిడుతూ ఇంటిదాకా నా పక్కనే నడు. నువ్వు ఆపితే నేను అక్కడే ఆగిపోతాను.