మట్టిరంగు ఫొటో

పలాస,
12-2-2003

ధనరాజు బావకి,

ఈసారి నీ బాగోగులు అడగాలనిపించడం లేదు.

సముద్రం ఒడ్డున నువ్వు నిరుడు కట్టిన జీడి గోడౌను ఫొటో గురించి రాత్తన్నాను. బ్లాక్ అండ్ వైట్ ప్రింటుని మందులో ముంచి రంగు మార్చడం నేర్చుకుంటున్న రోజులవి. అదే ఫొటోని నీలంలో ఒకటి, పాతకాలం ఫొటోలా మట్టిరంగులో ఒకటి వేశాను. నువ్వు మట్టిరంగుదే అడిగావు. "మనిషి అడ్డంగా ఉన్నాడు, కత్తిరించి ఇయ్యి బావా, గోడకి తగిలించుకుంటాను" అన్నావు. నా పని నచ్చినవాడు ఒకడైనా ఉన్నాడని పొంగిపోయి ఇచ్చాను.

నిన్న సోములు మావకి తోడుగా టెక్కలి రెవెన్యూ ఆఫీసుకి ఎళ్లాను. నీ గోడౌను ముందు ఆయన చిన్నప్పటినుంచీ వలలు ఎండేసుకునే ఇసుక నేల నీదేనని అర్జీ పెట్టావట. గోడౌను అరవై ఏళ్ల కిందట మీ తాత కట్టించిందేనని సాక్ష్యంగా నా ఫొటో ఇచ్చావు. గుమస్తా దాన్ని బల్ల మీద పెట్టి ఎవరు తీశారని అడిగితే, నేను మావని లేపుకుని బయటికొచ్చేశాను.

తిరుగు బస్సులో మావ అడిగాడు. "నాకే మతి పోనాదేటిరా? ఆ గోడౌను నా సిన్నప్పుడే ఉందేటి?"

నీలం ప్రింటుని నేను కత్తిరించలేదు బావా. నువ్వు అడ్డంగా ఉన్నాడన్న మనిషి సోములు మావే. నీ గోడౌను ముందు, ఇప్పటి తెల్లగడ్డంతోనే, వల ఎండేసుకుంటున్నాడు.

సోమవారం మొదటి బస్సుకి ఇద్దరం మళ్లీ టెక్కలి ఎళ్తన్నాం. ఫొటో ఎవరు తీశారంటే ఈసారి నేను చెప్తాను.

నీ బావ