పద్నాలుగో తేదీ కార్డు

పెద్దారవీడు,
1944 జూన్ 2

మాలకొండయ్యకు,

అంకన్న వాళ్ళ అన్నను రాస్తున్నాను. నీవు చేతికి దెబ్బ తగిలి పటాలం ఆస్పత్రిలో ఉన్నావని మీ నాయన చెప్పి చిరునామా ఇచ్చాడు. చెయ్యి కుదిరితేనే జవాబు రాయి అనాలి. కాని ఆగలేను.

తమ్ముడు ఏప్రిల్ తొమ్మిదిన యుద్ధంలో పోయాడని తంతి వచ్చింది. శవం లేదు కనుక దర్భలతో బొమ్మ చేసి కాల్చాం. పదో రోజున వాడి భార్య చెంచమ్మ గాజులు తీయించాం. దగ్గరుండి చేయించింది నేనే.

తర్వాత వారానికి వాడి కార్డు అందింది. వాడికి చదువు రాదు గనుక ఎప్పటిలాగే నీ చేతిరాత. తేదీ ఏప్రిల్ పద్నాలుగు అని ఉంది.

"సచ్చినోడు ఐదు దినాలకు జాబు ఎట్ల రాయిస్తాడురా? బతికుండే బిడ్డకు కర్మ చేసినావు. ఏంది నీ తొందర?" అన్నది అమ్మ. గాజులామెను పిలిపించి చెంచమ్మకు మళ్ళీ తొడిగించింది. ఊళ్ళో అనే మాటలు రాయను.

ఆ తేదీ నీవు పొరపాటున వేశావా? వాడు ముందు చెప్పింది తర్వాత రాసి పంపావా? లేక ఆ రోజు వాడు నీ పక్కనే ఉన్నాడా? ఉన్నది ఉన్నట్లు రాయి, నేను కోపపడను. తేదీల దగ్గర నీవు అజాగ్రత్త మనిషివని నాకు తెలుసు. అమ్మతో ఆ మాట అనలేదు.

జవాబు ఇంటికి కాక బడిపంతులు రామయ్య గారి పేరున పంపు. చెంచమ్మ రోజూ టపా మనిషికి ఎదురుపోతోంది. వాడు లేడని నీవు రాస్తే, ఆమెను మళ్ళీ చేతులు చాపమని అడగవలసినవాణ్ణి నేనే.