గొర్రెలు లేని కుక్క

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గొర్రెలను అమ్మేసినప్పటి నుంచి, వాటిని కాసిన నీ కుర్రకుక్క కరియడు మన చీనీకాయల తోటలో డ్రిప్పు పైపులు కొరికేస్తున్నాడు.

"దాన్ని కట్టెయ్యన్నా, లేకుంటే యాడన్నా వదిలేసిరా," అన్నాడు పక్కతోట ఓబులేసు.

కట్టేస్తే మంచం నులకంతా కొరికాడు.

"పరిగెత్తే వయసులో పని పీకేసి, కొరికితే తప్పు వానిదంటావేమప్పా?" అని అతనితో గొడవపడ్డాను.

నమలడానికి తాడు ముడేసి ఇచ్చాను, రోజూ గుట్టదాకా తిప్పాను. కొంత నయమైంది గానీ, నాతో నడక ఆ ఉరికే కాళ్లకేం చాలుతుంది?

ఈ పొద్దున బత్తలపల్లె దగ్గర మేస్తున్న ఒక మంద దగ్గరికి తీసుకెళ్లాను. గొలుసు విప్పగానే, విడిపోయిన గొర్రెను మందలోకి మళ్లించాడు.

"పన్లో పడిందిలేన్నా, మా కాడే ఉండనీ, నువ్వింక పో," అని నవ్వాడు కాపరి.

పని లేకనే కొరికాడని నేనన్నదే నిజమైంది నాయనా. ఇంటికి ఒక్కణ్ణే వచ్చాను.