తిరగని గిలక

పెద్దాపురం,
జులై 14, ఆదివారం.
పొద్దుటి నుంచి ముసురు. షెడ్డు రేకుకి చిల్లు పడితే తారు పూశాను.

పెద్దింట్లమ్మ గారికి నమస్కారం.

ఫోన్లో నాకు మాట పెగలదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫిజియోథెరపీ పావని గారు చెప్పిన కొలతల ప్రకారం మీ మెడ సాగదీసే మెషీన్ చేసి, రోజూ మీ ఊరు వచ్చే అశోక్ వ్యానులో పంపాను. జవాబు కూడా అతనికే ఇవ్వండి. తలుపు మీద తగిలించే కొక్కెం, దానికి గిలక, గిలక మీద తాడు. తాడుకి ఒక కొసన గడ్డం పట్టీ, రెండో కొసన నీళ్ల సంచి. సంచిలో నాలుగు లీటర్లు పోసి, పట్టీ పెట్టుకుని, పీట మీద పావుగంట కూర్చోవాలి. సంచి కిందికి లాగితే తల పైకి లేస్తుంది. మెడలో నొక్కుకున్న నరానికి కాస్త చోటు దొరుకుతుంది.

చేపల గంప మళ్ళీ నెత్తికెత్తితే కుడిచేతి తిమ్మిరి ఇక పోదని పావని గారు గట్టిగా రాయమన్నారు.

మిగిలిన పని: పంపుసెట్టుకి బుష్షు మార్చాలి.

ఇట్లు,
ముసలయ్య


ధవళేశ్వరం,
మంగళవారం.

అన్నయ్య గారికి పెద్దింట్లమ్మ దండాలు.

మెషీన్ అందిందండీ. తలుపుకి మాత్రం కుదర్లేదు. ఎవరు తోసుకొచ్చినా నా తల కూడా వాళ్ళతోపాటు లోపలికొచ్చేస్తోంది. అందుకని అరుగు మీద దూలానికి కట్టించాను. పావుగంట చేతులు ముడుచుకు కూర్చోడం నా వల్ల కాదు కాబట్టి పొద్దున్నుంచీ దాని కిందే ఉంటున్నాను.

మా ఆయన చినబాబు ఒకటే సణుగుడు. "గంపెత్తుకుని వీధులు తిరక్కపోతే చేపలు వాటంతటవే నడిచెళ్తాయేంటే? నీ వాడుక ఇళ్ళన్నీ ఇంకోత్తి పట్టుకుపోద్ది" అంటాడు. వైద్యం జరుగుతోంది కదాని ఊరుకున్నాడు.

ఒక్కటే ఇబ్బందండీ. పొద్దున బరువు బాగానే ఉంటోంది, పదింటికల్లా తగ్గిపోతోంది. కాస్త చూడండి.

ఇట్లు మీ చెల్లెలు,
పెద్దింట్లమ్మ

తా.క.: పట్టీ పెట్టుకుంటే నోరు తెరవలేనండీ. మెషీన్ చాలా బాగా పనిచేస్తోందని మా అత్త అంటోంది.


పెద్దాపురం,
జులై 18, గురువారం.
ఎండా వానా కలిసి వచ్చాయి. సైకిల్ ట్యూబు కోసి రెండో సంచి అతికించాను.

పెద్దింట్లమ్మ గారికి నమస్కారం.

సంచి కారుతోందని అర్థమైంది. కొత్త సంచిలో నీళ్ళు పోసి రోజంతా వేలాడదీశాను. చుక్క కారలేదు. పాతది పారేసి ఇది కట్టండి. అప్పటికీ బరువు తగ్గితే, ఏ రోజు ఎంత తగ్గుతోందో రాయండి.

మిగిలిన పని: పంపుసెట్టు బుష్షు.

ఇట్లు,
ముసలయ్య

తా.క.: మీ అత్తగారికి మెషీన్ పనిచేయడం ఏమిటో తెలియలేదు. పట్టీ ఆవిడ గడ్డానికి కుట్టలేదు.


ధవళేశ్వరం,
బుధవారం.

అన్నయ్య గారికి దండాలు.

కొత్త సంచి గట్టిదండీ, ఐసు వేసుకోడానికి బాగుంది. బరువు మాత్రం అదే వరస. ఆదివారం ఎనిమిదింటికే ఖాళీ. సోమవారం సగం దగ్గర ఆగిపోయింది. శనివారం పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే, రవ్వంత కూడా తగ్గలేదు.

మీరు కంగారు పడకండి. నిదానంగా చూడండి. ఎన్నాళ్ళు పట్టినా పర్లేదు.

ఇట్లు మీ చెల్లెలు,
పెద్దింట్లమ్మ

తా.క.: గోదాట్లో ఎర్రనీరు దిగింది. ఒక్క పులస తగిలిందంటే ఆ రోజు బరువు నిమిషం నిలవదు.


పెద్దాపురం,
జులై 28, ఆదివారం.
ఈదురుగాలి. గోడ గడియారానికి కీ ఇచ్చాను.

పెద్దింట్లమ్మ గారికి నమస్కారం.

వారాన్ని బట్టి మారే బరువు గురించి నేను ఇంతవరకూ వినలేదు. నూలు తాడు, నైలాను తాడు, కొబ్బరి తాడు అన్నీ కట్టి చూశాను. గాలిలో చెమ్మ అనుకున్నాను. శనివారం మాత్రం చెమ్మ ఉండదా? ఎవరి దగ్గరైనా పని నేర్చుకుని ఉంటే తెలిసేదేమో. అన్నం సయించడం లేదు.

ఇక బరువే వద్దు, స్ప్రింగు పెడదాం. అశోక్‌ని పంపుతున్నాను. మెషీన్ విప్పి ఇచ్చేయండి.

మిగిలిన పని: బుష్షు. రైతు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు.

ఇట్లు,
ముసలయ్య

తా.క.: మీ మెడ కోసం వంగి వంగి నా మెడ పట్టేసింది. పావని గారికి చెప్పకండి.

మరో తా.క.: పులస సంగతి రెండుసార్లు చదివాను. నాకు అందలేదు.


ధవళేశ్వరం,
సోమవారం.

అన్నయ్య గారూ,

కొంప ముంచారండీ! నేను ఐసుకెళ్ళిన టైములో మీ అశోక్ వచ్చి మెషీన్ విప్పుకుపోయాడు. నేనొచ్చేసరికి చినబాబు గంప కింద పెట్టుకునే చుట్టకుదురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మెషీన్ పోయింది, జబ్బూ పోయింది. లే" అన్నాడు. రెండు వీధులు తిరిగానో లేదో చెయ్యి మొద్దుబారిపోయింది. ఇది ఎడం చేత్తో రాస్తున్నాను.

అయినా స్ప్రింగేంటండీ? స్ప్రింగుకి చేపలెలా పెడతాను? బరువంటే మా గంపే కదా! నీళ్ల సంచి తీసేసి తాడుకి గంప తగిలించుకుని, దాని కింద కూర్చుని అమ్ముకుంటున్నాను. ముందు జనం నన్ను చూడ్డానికొచ్చారు, తర్వాత చేపలకే వస్తున్నారు. ఆదివారం ఎగబడతారు. శనివారం ఎవరు తింటారండీ? ఆ మాత్రం తెలీదా మీకు?

ఇట్లు,
పెద్దింట్లమ్మ

తా.క.: పట్టీతో తల ఊపలేను, నోరు తెరవలేను. బేరమాడి ఆడి వాళ్ళే విసిగిపోయి, వేళ్ళతో చూపించిన ధరకే పట్టుకెళ్తున్నారు.


పెద్దాపురం,
జులై 31, బుధవారం.
వాన వెలిసింది. ఏ పనీ చేయలేదు.

పెద్దింట్లమ్మ గారికి,

మీ గంప తక్కువలో తక్కువ ఇరవై కిలోలు ఉంటుంది. నేను నాలుగు కిలోలకి చేశాను. మీ ఉత్తరం చదివాక వెంటనే కూర్చుని గిలక విప్పాను.

లోపల పొలుసులు, తుప్పు. తాడు గిలకకీ రేకుకీ మధ్య ఇరుక్కుపోయి ఉంది. అది ఒక్క చుట్టు కూడా తిరగలేదు. గంప బరువంతా దూలమే మోసింది, మీ గడ్డానికి చేరనే లేదు. నా మెషీన్ పనిచేసి ఉంటే మీ మెడ విరిగేది. పాడైపోయింది కాబట్టి మీరు ఉత్తరం రాయగలిగారు. ఇన్నాళ్ళు కూర్చుని నేను చేసింది ఇదీ.

ఇలాంటివి ఇక చేయను. మీరు రాజమండ్రి వెళ్ళి పావని గారి దగ్గరే వైద్యం చేయించుకోండి.

మిగిలిన పని: లేదు.

ముసలయ్య


ధవళేశ్వరం,
గురువారం.

అన్నయ్య గారికి దండాలు.

అది ఇరుక్కుపోయిందని నాకు మొదటి రోజే తెలుసండీ. గంప తగిలించగానే పీట మీంచి జానెడు లేచాను. అంతలో కిర్రుమని ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

బరువు తగ్గుతోందని ఎందుకు రాశానంటారా? మీరు రిపేరు చేస్తున్నంతకాలం నాకు వైద్యం జరుగుతున్నట్టే. ప్రతి ఉత్తరం చినబాబు చదివించుకుంటాడు. నిన్నటిది మాత్రం ఆయన వలకెళ్ళినప్పుడొచ్చింది. చదివి పొయ్యిలో పెట్టేశాను.

ఆ రెండు వారాలూ గంప దించాను కాబట్టే తిమ్మిరి తగ్గింది. దించమని పావని గారు ఎప్పుడో చెప్పారు. మా ఇంట్లో ఎవరు విన్నారు? ఊరికే అరుగు మీద కూర్చుంటే బద్ధకం అంటారండీ. గడ్డానికి పట్టీ కట్టుకు కూర్చుంటే అయ్యో పాపం అంటారు. రేపు మళ్ళీ నాలుగు వీధులు తిరగాలి. దాన్ని బాగుచెయ్యకండి. ఎలా ఉందో అలాగే పంపించండి.

ఇట్లు మీ చెల్లెలు,
పెద్దింట్లమ్మ

తా.క.: ఆ స్ప్రింగు కూడా పంపండి. ఖరీదైన వైద్యంలా ఉంటది.


పెద్దాపురం,
ఆగస్టు 3, శనివారం.
మబ్బు. గాలి లేదు. గిలకని రేకుకి కలిపి వెల్డింగు చేశాను.

చెల్లెమ్మ పెద్దింట్లమ్మకు,

ఇది మీ చేతికే ఇవ్వమని అశోక్‌కి చెప్పాను, చదివి పొయ్యిలో పెట్టండి. తుప్పుని నమ్మలేం. ఏదో ఒక రోజు వదిలేస్తుంది. అందుకని గిలకకి నాలుగు వైపులా వెల్డింగు పెట్టాను. తాడుని రెండు ముక్కలు చేశాను. గంప ముక్క నేరుగా దూలానికి. పట్టీ ముక్క గిలకకి, వదులుగా. కింద నుంచి చూసేవాళ్ళకి ఒకటే తాడు. స్ప్రింగు పక్కన వేలాడుతుంది, దానికి ఎర్ర రంగు వేశాను.

ఇది ఎప్పటికీ తిరగదు. నేను చేసినవాటిలో పనిచేస్తుందని మాటివ్వగలిగింది ఇదొక్కటే.

కార్తీకమాసంలో చేపలు కొనేవాళ్ళు ఉండరు. అప్పుడు మీ ఆయన మళ్ళీ చుట్టకుదురు తీస్తాడు. దానికి ఏం చేయాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

నా మెడ పావని గారు చూశారు. వంగి పనిచేయడం మానెయ్యమన్నారు. మానడానికి నాకు మెషీన్ లేదు.

అశోక్ బయట హారను కొడుతున్నాడు.

మిగిలిన పని: