కిటికీ దగ్గరి స్పీకరు

అన్నయ్యా,

ఫోన్లో సరిగ్గా చెప్పలేనని రాస్తున్నాను. ఆదివారం వచ్చి, మా హాల్లో టీవీకి పెట్టిన వాటిలో ఆ వెనక స్పీకరును సరిచేస్తానన్నావు. దయచేసి దాన్ని కదపకు.

ముందు స్పీకర్లు రెండూ నువ్వు చెప్పినట్టే కూర్చున్న మనిషి చెవుల ఎత్తున పెట్టి, కాస్త కుర్చీ వైపు తిప్పాను. వెనకవాటిలో ఒకటి మాత్రం తీగ పొట్టిదై కిటికీ దగ్గరే ఆగిపోయింది. ఊరంతా స్పీకర్లు బిగించే నీకది తప్పుగానే కనిపిస్తుంది.

చూపు పోయాక ఎనిమిది నెలలుగా మావయ్యగారు హాల్లోకే రాలేదు. "సినిమాతో నాకేం పనమ్మా?" అనేవారు. నిన్న సాయంత్రం బతిమాలి కూర్చోబెట్టాను. తెరమీద నదిలో పడవ సాగుతోంది. తెడ్ల చప్పుడు ఆయన ఎదుట పుట్టి, భుజం పక్కగా జారి, కిటికీ వైపు వెళ్లింది. ఆయన ముఖం కూడా దాంతోపాటే తిరిగింది. మెల్లగా లేచారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మోకాలిలోతు నీళ్లలో నడుస్తున్నట్టు కిటికీ దాకా వెళ్లి చువ్వ పట్టుకున్నారు. సాయంత్రపు ఎండ ఆయన ముఖమంతా పరుచుకుంది.

చువ్వ వదలకుండానే, "ఇంకో పడవ వస్తుందా అమ్మా?" అని అడిగారు.

నీ చెల్లెలు