అందరిదీ ఒకే వేగం

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ వారమంతా గవర్నర్‌పేటలో నువ్వు పనిచేసిన బైండింగ్ షాపులోనే ఉన్నాను. యూనివర్సిటీలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదువుతున్నాను కదా, ప్రాజెక్టు అక్కడే పెట్టుకున్నాను.

అక్కడి పనివాళ్లు నలుగురూ రిజిస్టర్లు కుడుతుంటే ఫోన్లో టైము చూసి కంప్యూటర్లోకి ఎక్కించాను. పాతికేళ్ల రాజుకీ, అరవై దాటిన మస్తాన్ బాబాయ్‌కీ ఒక్కో రిజిస్టరుకు పట్టే సమయం ఒక్కటే. అంకెలు మరీ ఇంత చక్కగా వస్తే నమ్మొద్దంటారు మా మేడమ్. రిపోర్టు కాపీ తనకూ కావాలని ఓనరు ముందే అడిగాడు. నేను అతని మనిషిననుకుని వీళ్లు నాటకమాడుతున్నారనిపించింది. మర్నాడు చెప్పకుండా వెళ్లి, ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. అదే వేగం.

బాబాయ్‌ని బయటికి పిలిచి నిలదీశాను.

"మీ నాన్నకి చెయ్యి వణకడం మొదలైనప్పుడు అనుకున్నామమ్మా, ఆయన కంటే ముందు ఎవరూ కుట్టు ముగించకూడదని. వెనకబడినోణ్ణి ఓనరు ఉంచుకోడు కదా. ఇప్పుడు నాకు చూపు ఆనట్లేదు."

ఆ పనికి అంత సమయం పడుతుందనే రిపోర్టులో రాశాను. మేడమ్ నమ్ముతారో లేదో.

నా అనుమానం మాత్రం ఇప్పుడు నీ మీదికి మళ్లింది, వాళ్లు నీకోసం ఆగుతున్న సంగతి నీకు తెలుసేమోనని. ఆ రోజుల్లో సాయంత్రం ఇంటికి రాగానే, "షాపులో ఇంకా నన్ను దాటేవాడు లేడే" అని అమ్మతో అనేవాడివి. గోడవైపు తిరిగి, చాలాసేపు చొక్కా గుండీలు విప్పుకుంటూ అనేవాడివి.