బాపు మిగిల్చిన రొట్టె

గోదావరిఖని, బుధవారం

ఇరవై రోజులుగా అన్నం మానేసి, పొద్దున్నే గోదావరి దాకా పరుగెత్తుతున్నాను. అయినా బస్టాండులో తూకం మిషన్ ఈ రోజు కూడా పాత బరువే చూపించింది. దాన్ని తన్నాలనిపించింది. ఆకలి గురించి గని గేటు ముందు యూనియన్ మీటింగులో మాట్లాడితే, "గంత బొర్ర పెట్టుకొని ఆకలి ముచ్చట చెప్తున్నవా తమ్మీ?" అని ఒకాయన నవ్విన నాటి నుంచి ఈ పట్టుదల.

సాయంత్రం బాపు గని నుంచి వచ్చి టిఫిన్ డబ్బా తెరిచాడు. చిన్నప్పటిలాగే అందులో సగం జొన్నరొట్టె. అప్పట్లో దాని కోసమే క్వార్టర్ల మలుపులో కాచుకొని ఉండేవాణ్ణి. బొగ్గు వాసన వేసినా అంత రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

"నాకొద్దు బాపూ, లావైతున్న" అని కసిరాను.

"నాకెప్పుడూ మిగుల్తది బిడ్డా, తిను."

చొక్కా విప్పుతుంటే ఆయన పక్కటెముకలు కనబడ్డాయి. ఆకలి మీద ఎన్నో కరపత్రాలు చదివాను. ఈ రొట్టె ఎట్లా మిగులుతుందో ఒక్కసారీ అడగలేదు.

తుంచి ఆయన చేతిలో పెట్టాను.

"ఆకలైతలేదు బిడ్డా" అంటూనే, గబగబా తినేశాడు.